క్లోమములోని రెండవ పనివాడు

షుగరు వ్యాధి అనగానే మనకు ఇన్సులిన్ ఒక్కటే జ్ఞాపకం వస్తుంది. దానిని తయారుచేసేవి క్లోమములోని బీటా కణాలు. వాటి ప్రక్కనే ఉన్న ఆల్ఫా కణాల ఊసు మనమెత్తము. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు ఇవి గ్లూకగాన్ విడుదలచేసి, కాలేయంలో దాచిన చక్కెరను రక్తంలోనికి పంపిస్తాయి. ఇన్సులిన్ సూది వేసుకొని, అన్నం తినకుండా పొలానికి వెళ్లినవారు చెమటలుపట్టి కూలబడడం మీలో కొందరు చూచియుందురు. టైపు 1 షుగరులో ఆల్ఫా కణాలు ఆ సమయానికే మొరాయిస్తాయి. స్పృహ ఉంటే వెంటనే చక్కెరనీళ్లు త్రాగించండి. స్పృహ తప్పితే నోట ఏమీ పోయక ఆసుపత్రికి చేర్చండి.

ఎలుకలలో ఈ కణాలు అంచున ఉంటాయి, మనిషిలో బీటా కణాలతో కలగలిసి ఉంటాయి. అందుకే మరణించినవారి కుటుంబాలు దానమిచ్చిన క్లోమములు పరిశోధనకు అంత అవసరం. 2019లో జెనీవా శాస్త్రజ్ఞులు అట్టి ఆల్ఫా కణాలలో రెండు జన్యువులు చొప్పించి, వాటిచేతనే ఇన్సులిన్ చేయించారు! షుగరున్న ఎలుకలలో అమర్చగా ఆరు నెలల తరువాత కూడ ఇస్తూనే ఉన్నాయి. అయితే అది ఎలుకల మాట. మన ఇంట్లో సూది మానరాదు.