తెరమీద కరిగిపోయిన ‘లేదు’

రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర, మిట్టమధ్యాహ్నం. ఆటో దిగి క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాను. డ్రైవర్ తన ఫోన్ నా ముందుకు చాపి, “జర చూడన్నా, పైసలొచ్చినయా?” అన్నాడు. తెరమీద నీలం నుంచి నారింజలోకి కరిగే పట్టీ, దానిపై తెల్లటి అక్షరాలు: ‘డబ్బు అం...’ ఆ తర్వాత అంతా నారింజే. అందిందా, అందలేదా?

ఇంగ్లీషులో ‘నాట్’ సాధారణంగా అసలు క్రియకన్నా ముందే వచ్చేస్తుంది. తెలుగులో అవునో కాదో తేలేది క్రియ చివర. కుడివైపుకి లేతబడే ఇలాంటి రంగుల పట్టీ, అంటే గ్రేడియెంట్, సరిగ్గా ఆ చివరనే మింగుతుంది.

అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడాని కాంట్రాస్ట్ నిష్పత్తితో కొలుస్తారు. నలుపుమీద తెలుపుకి అది 21. డబ్ల్యూత్రీసీ సంస్థ 2008లో వెలువరించిన వెబ్ మార్గదర్శకాల ప్రకారం మామూలు అక్షరాలకి కనీసం 4.5, పెద్దవాటికి 3 ఉండాలి. అచ్చ నీలంమీద తెలుపు 8.6 తెచ్చుకుంటుంది, నారింజమీద 2 కూడా దాటదు. మన కంటికి తోచే వెలుగులో ఆకుపచ్చ వాటా సుమారు 72 శాతం, నీలానిది 7 శాతమే. తెర చూపించే నారింజలో ఎరుపుతోపాటు ఆకుపచ్చ కూడా దండిగా ఉంటుంది. పోనీ నల్లక్షరాలు పెడదామా? నారింజమీద 10 దాటతాయి, నీలం దగ్గర 2.4కి పడిపోతాయి. ఒక కొసని కాపాడితే రెండో కొస పోతుంది.

ఈ నిష్పత్తిని లెక్కగట్టే సూత్రంలో రెండు రంగుల వెలుగుకీ 0.05 చొప్పున కలుపుతారు. గది వెలుతురు తెరమీద పడి కంటికి తిరిగొచ్చేదానికి అది లెక్క. రాయదుర్గం ఎండకి ఆ 0.05 ఏ మూలకి? సైబర్ టవర్స్ చుట్టుపక్కల ఏసీ గదుల్లో, పెద్ద మానిటర్లమీద చూసి ‘బాగుంది’ అనుకునే డిజైనర్లకి ఈ ఎండ తగలదు. చూపు మందగించినవాళ్లకి నీడలోనూ ఇదే అవస్థ. ఇది సౌకర్యం సంగతి మాత్రమే కాదు: డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో చెప్పింది.

కాంట్రాస్ట్‌ని తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్లు గ్రేడియెంట్ ఎదురైతే తరచూ చేతులెత్తేసి, మీరే చూసుకోండి అంటాయి. సగటు లెక్క పనికిరాదు. అక్షరాల వెనక అన్నిటికన్నా బలహీనమైన చోటే కొలవాలి. మందు మాత్రం సులువే. రంగులకీ అక్షరాలకీ మధ్య సగం పారదర్శకమైన నల్లపొర వేస్తే, నారింజ కొస కూడా 6 దాటుతుంది. హొయలు కాస్త తగ్గుతాయి, తగ్గనివ్వండి.

మెట్రో స్తంభం నీడలోకి నడిచి, ఫోన్‌కి అరచెయ్యి అడ్డుపెట్టి చూశాను. ‘అందలేదు’. మళ్లీ స్కాన్ చేశాను.