మీకు తెలుసా? ఒక ప్రింట్‌కు 2 నిమిషాలు, మరోదానికి గంట!

డార్క్‌రూమ్‌లో వేసిన బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ ఆర్‌సీ (రెజిన్ కోటెడ్) కాగితం మీద ఉంటే పారే నీళ్లలో 2 నిమిషాలు కడిగితే చాలు; ఫైబర్ కాగితమైతే మామూలుగా 60 నిమిషాలు పడుతుంది. ఆర్‌సీ కాగితానికి రెండువైపులా పాలిథిన్ పూత ఉండటంతో బొమ్మను స్థిరపరిచే రసాయనమైన ఫిక్సర్ కాగితం లోపలికి దిగదు. ఫైబర్ కాగితంలో ఆ అడ్డు లేదు. నారల్లో ఇంకిన ఫిక్సర్ పూర్తిగా పోకపోతే, అందులోని గంధకం ఏళ్లు గడిచేకొద్దీ బొమ్మలోని వెండిని పసుపు, గోధుమ రంగులోకి మార్చేస్తుంది. మరి ఇన్ని నీళ్లు తాగే కాగితం దండగే కదా అనవచ్చు. కాదు. ఫొటో కాగితాల సంస్థ ఇల్‌ఫోర్డ్ సూచించే పద్ధతిలో చిక్కటి ఫిక్సర్‌లో ఒక్క నిమిషమే ఉంచి, 5 నిమిషాలు కడిగి, ఫిక్సర్‌ను త్వరగా వదిలించే వాష్‌ఎయిడ్ ద్రావణంలో 10 నిమిషాలు ఉంచి, మళ్లీ 5 నిమిషాలు కడిగితే సరిపోతుంది. సరిగ్గా కడిగిన ఫైబర్ ప్రింట్ చాలాకాలం నిలుస్తుంది కాబట్టి, తరాలపాటు దాచుకోవాల్సిన బొమ్మకు ఫైబర్ కాగితాన్నే ఎంచుకోండి.