బరువు తగ్గాక కాదు.. ఇప్పుడే జిమ్‌కి!

జిమ్ ముందు బండి ఆపారు. అద్దాల తలుపు వెనక పాటల మోత. కండలు తిరిగిన ఇద్దరు కుర్రాళ్లు అద్దం ముందు నిలబడి భుజాలు చూసుకుంటున్నారు. ‘ఊరికే ఫీజు ఎంతో కనుక్కుని వద్దాం’ అని ఇంట్లో బయల్దేరినప్పుడు ఉన్న ధైర్యం మెట్ల దగ్గరే జారిపోయింది. ఫోన్ వచ్చినట్టు నటించి, రెండు నిమిషాలు అటూ ఇటూ తిరిగి, బండి వెనక్కి తిప్పేశారు.

ఇది మీ కథేనా? బరువు వంద కిలోలు దాటినవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన కథే. కష్టపడటానికి వాళ్లు వెనకాడరు. బ్యాక్‌లాగ్‌లు క్లియర్ చేసుకుంటారు, రాత్రంతా కూర్చుని ప్రాజెక్టు పూర్తిచేస్తారు. కానీ ఆ ఒక్క తలుపు తోయడానికి మాత్రం చెయ్యి రాదు. ‘అందరూ నన్నే చూస్తారు. ట్రెడ్‌మిల్ మీద ఆయాసపడితే నవ్వుతారు’ అన్న ఆలోచనే కాళ్లకి బంధం వేస్తుంది. ఆ బంధం ఎలా విప్పుకోవాలో చూద్దాం.

భయం ఊరికే రాలేదు

ముందుగా ఒక మాట. ఈ భయం మీ పిరికితనం కాదు. స్కూల్లో పీఈటీ పీరియడ్‌లో జట్టు ఎంచుకునేటప్పుడు చివరిదాకా మిగిలిపోవడం, క్లాసులో పెట్టిన ముద్దుపేరు ఇంటర్ దాకా వెంటపడటం, పెళ్లిళ్లలో పెద్దమ్మ ‘ఏం తింటున్నావే అమ్మా, ఇలా అయిపోయావ్’ అని పదిమందిలో అనడం. ఇవన్నీ లోపల పేరుకుంటాయి. మన శరీరం గురించి నలుగురూ మాట్లాడే చోటు అనగానే మనసు ముందే తప్పుకోమంటుంది. జిమ్ అంటే ఎటు చూసినా అద్దాలే కాబట్టి ఆ గొంతు ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. అంతే.

నిజంగా అందరూ మిమ్మల్నే చూస్తారా?

అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ గిలోవిచ్ బృందం ఓ సరదా ప్రయోగం చేసింది. 2000లో దాని ఫలితాలు అచ్చయ్యాయి. ఒక విద్యార్థికి, వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్ట్ తొడిగి, మిగతా విద్యార్థులు కూర్చున్న గదిలోకి పంపారు. బయటికి వచ్చాక ‘ఎంతమంది నీ టీషర్ట్ మీద బొమ్మ గమనించి ఉంటారు?’ అని అడిగారు. దాదాపు సగం మంది చూసి ఉంటారని వాళ్లు అంచనా వేశారు. నిజానికి గమనించింది నాలుగో వంతు మందే. దీన్నే ‘స్పాట్‌లైట్ ఎఫెక్ట్’ అంటారు. మన నెత్తిమీద ఒక పెద్ద లైటు వెలుగుతోందని మనం అనుకుంటాం. ఎదుటివాళ్లకి వాళ్ల లైటు గొడవే సరిపోతుంది.

జిమ్‌లోనూ అంతే. అద్దం ముందున్న కుర్రాడు చూస్తున్నది తన భుజాన్ని. పక్కన సైకిల్ తొక్కుతున్న అంకుల్ చూస్తున్నది ఫోన్‌ని. ఒకసారి మీవైపు చూసినా, రెండో నిమిషానికి మళ్లీ తన సెట్‌లో పడిపోతాడు.

‘కాస్త తగ్గాక వెళ్తా’

ఇది అన్నింటికన్నా ప్రమాదకరమైన వాయిదా. ‘ఇంట్లో ఓ పది కిలోలు తగ్గి, అప్పుడు జిమ్‌లో చేరతా’ అనుకుంటారు. పెళ్లి అయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు అన్న సామెత ఇలాంటి చోటే పుట్టి ఉంటుంది. ఆ పది కిలోలు తగ్గవు, ఏడాది మాత్రం గడిచిపోతుంది. ఆ ఏడాదిలో డిగ్రీ అయిపోతుంది. కోచింగ్ పేరుతో రోజుకి పది గంటల కుర్చీ మొదలవుతుంది. బరువు ఇంకో ఆరేడు కిలోలు పెరుగుతుంది.

ఫిట్‌గా ఉన్నవాళ్లకే జిమ్ అనుకోవడం, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లే స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకి వెళ్లాలనుకోవడం లాంటిదే.

ముందు డాక్టర్ దగ్గరికి

బరువుని కిలోల్లో, ఎత్తుని మీటర్లలో తీసుకోండి. బరువుని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. 170 సెంటీమీటర్ల ఎత్తు, 110 కిలోల బరువు ఉంటే బీఎంఐ 38 వస్తుంది. మన దేశంలో డాక్టర్లు సాధారణంగా 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్కేస్తారు. బీఎంఐ 35 దగ్గర్లో ఉన్నవాళ్లు వ్యాయామం మొదలుపెట్టే ముందు ఒకసారి డాక్టర్‌ని కలవడం మంచిది. బీపీ, షుగర్, థైరాయిడ్ చూపించుకోండి. మోకాళ్ల నొప్పి, నడిస్తే ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, కళ్లు తిరగడం, రాత్రి విపరీతమైన గురక, పగలంతా మగత.. వీటిలో ఏది ఉన్నా దాచకుండా చెప్పండి. ‘నడవొచ్చు, తేలికపాటి బరువులు ఎత్తొచ్చు’ అని డాక్టర్ నోటి నుంచి వింటే సగం భయం అక్కడే పోతుంది.

డబ్బు కట్టే ముందు..

జిమ్‌కి మొదటిసారి వెళ్లేది చేరడానికి కాదు, చూడటానికి. ఉదయం 6 నుంచి 8, సాయంత్రం 6 నుంచి 9 మధ్య రద్దీ ఎక్కువ. మీకు కావాల్సింది ఖాళీ సమయం. ఉద్యోగులకు లేని వెసులుబాటు విద్యార్థులకు ఉంది. ఉదయం 10 తర్వాతో, మధ్యాహ్నమో తెరిచి ఉండే జిమ్‌లలో మెషీన్లు చాలావరకు ఖాళీగా ఉంటాయి. అమ్మాయిలైతే ఆడవాళ్ల బ్యాచ్ విడిగా ఉందా, లేడీ ట్రైనర్ ఉన్నారా అని అడగండి.

రిసెప్షన్‌లో ఈ నాలుగు ప్రశ్నలు వేయండి. ఒకటి, ట్రెడ్‌మిల్, సైకిల్ ఎన్ని కిలోల బరువు దాకా తట్టుకుంటాయి? ప్రతి మెషీన్‌కి ఒక పరిమితి ఉంటుంది, చాలావాటి మీద అది రాసే ఉంటుంది. ఇది అడగడం సిగ్గుపడాల్సిన విషయం కాదు, భద్రత. రెండు, వీపు ఆనించి కూర్చునే వెడల్పు సీటు సైకిల్ ఉందా? మామూలు సైకిల్ సీటు ఇరుగ్గా ఉండి నొప్పి పుట్టిస్తుంది. మూడు, ఒకరోజు ట్రయల్ ఇస్తారా? నాలుగు, నెలవారీ ఫీజు ఎంత? ‘ఏడాదికి కడితే సగం ధరకే’ అంటారు. తొందరపడకండి. మొదట ఒక్క నెలకే కట్టండి. అది మీ అలవాటుకి మీరు పెట్టుకునే పరీక్ష.

మీరు ఈ ప్రశ్నలు అడుగుతుంటే అక్కడివాళ్లు ఎలా మాట్లాడారో గమనించండి. మీ పొట్ట చూసి జోక్ వేశారా, వచ్చెయ్యండి. ఊళ్లో ఇంకో జిమ్ ఉంటుంది.

మొదటి రోజు ఇలా

కొత్త డ్రెస్ అక్కర్లేదు. వదులైన టీషర్ట్, సాగే ట్రాక్ ప్యాంట్, గట్టి అడుగున్న స్పోర్ట్స్ షూ, ఒక టవల్, నీళ్ల సీసా. తొడలు ఒరుసుకుని మంట పుట్టే ఇబ్బంది చాలామందికి ఉంటుంది, పైకి ఎవరూ చెప్పరు. అక్కడ కాస్త వ్యాజలీన్ రాసుకుంటే సరి. అమ్మాయిలు మంచి స్పోర్ట్స్ బ్రా మీద పెట్టే డబ్బు వృథా కాదు.

లోపలికెళ్లాక ట్రైనర్‌తో చెప్పాల్సిన మాటలు ముందే అనుకుని వెళ్లండి. ఇంటర్వ్యూకి ‘మీ గురించి చెప్పండి’ అనే ప్రశ్నకి ప్రిపేర్ అయినట్టే. ఇలా చెప్పొచ్చు: “అన్నా, జిమ్‌కి రావడం ఇదే ఫస్ట్ టైమ్. బరువు 112 కిలోలు. ఎడమ మోకాలు కాస్త నొప్పి. మొదటి రెండు వారాలు తేలిగ్గా ఇవ్వండి. నా బరువు మాత్రం గట్టిగా చదవకండి.” నాలుగైదు వాక్యాలే. కానీ ఇవి చెప్పాక ట్రైనర్‌కి మీరు లావుపాటి కుర్రాడు కాదు, తాను బాధ్యత తీసుకున్న మనిషి.

మొదటి రోజు అరగంట చాలు. పది నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద నడక. పరుగు వద్దు. వేగం ఎంత ఉండాలో తెలియాలంటే మాట్లాడి చూడండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మాట కూడా రావట్లేదంటే వేగం తగ్గించండి. తర్వాత కూర్చుని చేసే మెషీన్ల మీద రెండుమూడు వ్యాయామాలు, తేలికపాటి బరువుతో. చివర్లో ఐదు నిమిషాలు నెమ్మదిగా నడక. ఇంకా చేయగలను అనిపించినప్పుడే ఆపేయండి. మొదటి రోజే రెండు గంటలు చేస్తే మూడు రోజులు మెట్లు దిగలేరు, నాలుగో రోజు జిమ్ గుర్తే రాదు.

మెషీన్ ఎలా వాడాలో తెలియకపోతే అడగండి. తప్పుగా చేసి నడుం పట్టేయడం కంటే ‘ఇదెలా అన్నా?’ అనడం నయం. ఇంకో సంగతి. బరువు ఎక్కువున్నవాళ్లకి కాళ్లలో బలం ఎక్కువే ఉంటుంది. రోజంతా అంత బరువు మోసేది ఆ కాళ్లే కదా. కాళ్లతో తోసే లెగ్ ప్రెస్ మెషీన్ మీద కూర్చున్న రోజు మీకే ఆశ్చర్యం వేయొచ్చు.

ఒకవేళ నవ్వితే?

అందరూ మంచోళ్లే ఉంటారని చెప్పడం అబద్ధం అవుతుంది. ఎప్పుడో ఒకరోజు ఎవడో ఒకడు ఏదో అనొచ్చు. అప్పుడు ఏం చేయాలో ముందే నిర్ణయించుకోండి. వాదన వద్దు, ఏడుపు దిగమింగుకుని వెళ్లిపోవడమూ వద్దు. చేస్తున్న సెట్ పూర్తిచేయండి. తర్వాత ట్రైనర్‌కో, యజమానికో చెప్పండి. మీరు ఫీజు కట్టిన మనిషి. అనుమతి లేకుండా ఎవరైనా ఫోన్‌లో మీ వీడియో తీస్తుంటే వెంటనే అభ్యంతరం చెప్పండి. చెప్పినా పట్టించుకోని జిమ్‌ని మార్చేయండి. జిమ్ మార్చడం ఓటమి కాదు, వ్యాయామం మానేయడమే ఓటమి.

వీలైతే ఒక స్నేహితుణ్ని తోడు తీసుకెళ్లండి. సన్నగా ఉన్నా, లావుగా ఉన్నా ఫర్వాలేదు. ‘ఈరోజు రావట్లేదా?’ అని అడిగే గొంతు ఒకటి ఉండాలి.

అంకెల్లో ఏం చూడాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చేవి. అది మీరు చేరాల్సిన చోటు, బయల్దేరే చోటు కాదు. మొదటి రెండు వారాలు వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున వెళ్లినా 90 నిమిషాలు అవుతాయి. అక్కడి నుంచి పెంచుకోండి.

బరువు వారానికి అర కిలో నుంచి కిలో తగ్గితే అది మంచి వేగం. ఉన్న బరువులో 5 శాతం తగ్గినా బీపీ, షుగర్ మెరుగుపడే అవకాశం ఉంటుంది. 110 కిలోల మనిషికి అది అయిదున్నర కిలోలే. సిక్స్ ప్యాక్ దాకా ఎదురుచూడక్కర్లేదు. రోజూ బరువు చూసుకోకండి, వారానికి ఒకసారి చాలు. అంతకంటే నోట్‌బుక్‌లో ఇవి రాసుకోండి: కాలేజీ రెండో అంతస్తుకి ఎక్కితే ఆయాసం ఎంతసేపు ఉంది, ఆగకుండా ఎన్ని నిమిషాలు నడిచారు, ఎన్ని గంటలు నిద్రపోయారు. బరువు కదలని వారాల్లో కూడా ఇవి కదులుతుంటాయి.

తిండి మానేసి వ్యాయామం చేయకండి. ఇడ్లీ, గుడ్లు, పప్పు, పెరుగు, కూరలు తింటూనే హాస్టల్ బయటి కూల్‌డ్రింక్, బజ్జీ తగ్గించండి. ప్రొటీన్ పౌడర్, ఫ్యాట్ బర్నర్ కొనమని ఒత్తిడి చేస్తే వద్దని చెప్పండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దనే చెప్పింది. పేరు తెలియని మాత్రలు, ఇంజెక్షన్ల జోలికి అసలు వెళ్లొద్దు.

యూనిఫాం కల ఉంటే..

చాలా ఉద్యోగాలకు బరువు అడ్డు కాదు. మీ కోడింగ్, మీ అకౌంట్స్, మీ పాఠం చెప్పే తీరు కిలోల్లో తూగవు. కానీ పోలీసు, కేంద్ర బలగాల కొలువులు కావాలంటే మైదానం దాటాల్సిందే. తెలంగాణలో 2022 నోటిఫికేషన్‌లో ఎస్‌ఐ, కానిస్టేబుల్ పోస్టులకు అబ్బాయిలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. ఎస్‌ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్‌కి అబ్బాయిలకు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే ఇంత బరువుతో మోకాళ్లు తట్టుకోవు. ఏడాది ముందే నడకతో మొదలుపెట్టాలి. రాత పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుని గ్రౌండ్‌లో ఆగిపోతే కలిగే బాధ ముందు, జిమ్ తలుపు దగ్గరి సిగ్గు ఎంత?

ఫీజు కట్టే పరిస్థితి లేదా? చాలా పట్టణాల్లో పార్కుల్లో ఓపెన్ జిమ్‌లు ఉన్నాయి, డబ్బు తీసుకోరు. కాలేజీ గ్రౌండ్ ఉంది. ఒక నెల అక్కడ నడిచినా, జిమ్‌లోకి అడుగు పెట్టేటప్పటికి మీ ఊపిరి మీ మాట వింటుంది.

చేయాల్సింది ఇంతే. సోమవారం కోసమో, ఒకటో తారీఖు కోసమో చూడకండి. రేపు మధ్యాహ్నం క్లాసులయ్యాక దగ్గర్లోని జిమ్‌కి వెళ్లి ఆ నాలుగు ప్రశ్నలు అడిగి వచ్చెయ్యండి. చేరొద్దు, చెమట పట్టొద్దు. తలుపు తోసి లోపలికి వెళ్లి, మాట్లాడి, బయటికి రండి. రెండోసారి వెళ్లేటప్పటికి అది మీరు ఒకసారి చూసొచ్చిన చోటే.