పాత పీసు చూపించలేని కస్టమర్‌కి రిలే అమ్మాలంటే...

విజయవాడ ఆటోనగర్‌లో ఏ స్పేర్‌పార్ట్స్ షాపుకైనా వెళ్లి ‘రిలే కావాలి’ అని అడగండి. కౌంటర్లో ఉన్నాయన ముందు అనే మాట ఒక్కటే... ‘పాత పీసు తెచ్చావా తమ్ముడూ?’ మీ చేతిలోది తీసుకుని తిరగేస్తాడు. పిన్నులు చూస్తాడు, పైనున్న నంబరు చదువుతాడు, వెనక అరలోంచి అలాంటిదే ఇంకోటి తీసి పక్కన పెడతాడు. అర నిమిషం పని.

అదే రిలే కోసం జర్మనీలో ఓ వ్యాను యజమాని రాత్రి పదింటికి ఫోన్లో వెతుకుతున్నాడనుకోండి. పాత పీసు బండిలోనే ఉంది. అడగడానికి కౌంటర్లో ఎవరూ లేరు. ఆ అర నిమిషం పనిని ముందే చేసి స్క్రీన్ మీద పెట్టే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి హైదరాబాద్‌లో కూర్చుని ఉండొచ్చు. బీటెక్ ట్రిపుల్‌ఈ అయ్యాక నేను చేసిన మొదటి ఉద్యోగం అదే. ఆఫర్ లెటర్లో ‘ప్రొడక్ట్ డేటా’ అని రాసుంది. ఇంట్లో చెబితే ‘డేటా ఎంట్రీనా?’ అన్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ అంతే అనుకున్నా. అలా అనుకోవడమే తర్వాత కొంప ముంచింది.

హీటరంటే ఏ హీటరు?

నాకు అప్పజెప్పిన విభాగాల్లో ఒకటి ఆగ్జిలరీ హీటర్ రిలేలు. మండే ఎండల్లో పెరిగిన నాకు బండిలో ఒక హీటరు ఉండటమే వింత, రెండోది ఎందుకో అసలు అర్థం కాలేదు. కారణం డీజిల్ ఇంజిన్. దాని సామర్థ్యం ఎక్కువ కాబట్టి వృథాగా పోయే వేడి తక్కువ. మామూలు కారు హీటర్ బతికేదే ఆ వృథా వేడి మీద. గడ్డకట్టే చలిలో ఇంజిన్ నీళ్లు వేడెక్కేదాకా అద్దం మీద మంచు కరగదు. అందుకే అదనపు హీటర్లు పెడతారు.

ఇందులో రెండు రకాలున్నాయి. జర్మన్‌లో రెండు వేర్వేరు మాటలు కూడా ఉన్నాయి. ‘త్సూహైట్సర్’ అంటే ఇంజిన్ నడుస్తున్నప్పుడు మాత్రమే తోడు వేడినిచ్చేది. ‘ష్టాండ్‌హైట్సుంగ్’ అంటే ఇంజిన్ ఆపి ఉన్నా ఇంధనం మండించుకుని నడిచే పార్కింగ్ హీటర్. వెబాస్టో, ఎబర్‌ష్పేషర్ అనే రెండు జర్మన్ కంపెనీలు వీటికి పేరు. అనువాద సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే రెండింటినీ ‘హీటర్’ అని చేతులు దులుపుకునే ప్రమాదం ఉంది. సగం తప్పులు అక్కడే మొదలవుతాయి.

తోడు హీటర్లలో పీటీసీ అనే కరెంటు రకం ఉంటుంది. ఒక కిలోవాట్ హీటర్ అనుకుందాం. 12 వోల్టులతో భాగిస్తే సుమారు 83 ఆంపియర్లు. మామూలు చిన్న రిలే మోసేది 30 నుంచి 40. అందుకే లోడును విడగొట్టి రెండు రిలేల మీద వేస్తారు. ఫోక్స్‌వ్యాగన్ సర్క్యూట్ డయాగ్రముల్లో జె359 అని కనిపించేది తక్కువ వేడికి, జె360 ఎక్కువ వేడికి. కొనేవాడు ‘హీటర్ రిలే’ అని వెతికితే రెండూ వస్తాయి. ఏది కావాలో చెప్పాల్సింది మన పేజీ.

పైకి అన్నీ ఒకటే డబ్బా

రిలే పిన్నుల నంబర్లు డిన్ 72552 అనే జర్మన్ ప్రమాణం నుంచి వచ్చాయి. 30కి బ్యాటరీ ప్లస్, 85, 86 కాయిల్‌కి, 87 నుంచి లోడుకి. 87ఎ ఉంటే రిలే ఆఫ్‌లో ఉన్నప్పుడు కలిసి ఉండే కాంటాక్టు. కొన్నింటిలో కాయిల్‌కి అడ్డంగా డయోడ్ ఉంటుంది. అలాంటిదాన్ని కాయిల్ పోలారిటీ తిరగబడే సాకెట్‌లో పెడితే డయోడ్ నేరుగా షార్ట్ అయి ఫ్యూజు పోతుంది. బయట నుంచి చూస్తే రెండూ అదే నల్ల ప్లాస్టిక్ డబ్బా. తేడా చెప్పేది పక్కన ముద్రించిన చిన్న బొమ్మ. అందుకే లిస్టింగ్‌లో ముందువైపు ఫొటో ఒక్కటి పెడితే చాలదు, పిన్నులూ ఆ బొమ్మా కూడా కనబడాలి.

బండి మోడల్, సంవత్సరం తెలిస్తే చాలు కదా అనుకోవచ్చు. చాలదు. ఒకే ఏడాది, ఒకే ఇంజిన్ ఉన్న రెండు కార్లలో ఒకదానికి తోడు హీటర్ ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. అది కొన్నప్పుడు ఎంచుకున్న ఆప్షన్. ఫోక్స్‌వ్యాగన్ బండ్లలో ఆ ఆప్షన్ల కోడ్‌లు సర్వీస్ బుక్‌లోని స్టిక్కర్ మీద ఉంటాయి. లేదంటే 17 అక్షరాల ఛాసిస్ నంబరుతో వెతకాలి. అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు, 1తోనూ 0తోనూ పొరబడకుండా. కస్టమర్ పంపిన నంబర్లో ‘ఓ’ కనిపిస్తే అది సున్నానే. ఇంత చిన్న సంగతి తెలిసినందుకే నా పక్క సీటు సీనియర్ రోజుకి ఓ గంట మిగుల్చుకునేవాడు.

నేను చేసిన తప్పు

చేరిన ఐదో నెల. ఎక్సెల్‌లో ఫిల్టర్ పెట్టి 12 వోల్టుల వ్యాన్ల జాబితాను ఒక బ్లాకుగా పేస్ట్ చేశా. ఫిల్టర్ వెనక దాగిన వరసల్లోకి కూడా అది వెళ్లిపోయింది. వాటిలో ట్రక్కుల పార్కింగ్ హీటర్లకి వాడే 24 వోల్టుల రిలే ఒకటి ఉంది. పార్ట్ నంబర్ సరిగ్గానే ఉంది, ఫార్మాట్ సరిగ్గానే ఉంది. సిస్టమ్ పాస్ చేసేసింది. దానికి ఓమ్స్ లా తెలీదు కదా. నాకు తెలుసు, కానీ నేను చూడలేదు.

డిసెంబర్‌లో రిటర్న్‌లు మొదలయ్యాయి. 24 వోల్టుల కాయిల్‌కి 12 ఇస్తే కాంటాక్టును లాగే బలం ఉండదు. కాలిపోదు, క్లిక్ కూడా మనదు, ఊరికే ఉంటుంది. ఒక మెసేజ్ ఇప్పటికీ గుర్తుంది. తెల్లవారుజామునే పనికి వెళ్లే డ్రైవర్. కొత్త రిలే వేసినా హీటర్ రాలేదని, వ్యాను లోపలి వైపు కూడా అద్దం మీద మంచు గీక్కుంటున్నానని రాశాడు. మెకానిక్ దగ్గర హీటరే పాడైందేమో అని చూపించాడట కూడా. తప్పు అతనిదీ కాదు, మెకానిక్‌దీ కాదు. హైదరాబాద్‌లో ఏసీ గదిలో స్వెటర్ వేసుకుని కూర్చున్న నాది.

యూరప్‌లో ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకి 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే వెనక్కిచ్చే హక్కుంది. ఇక మనమే తప్పు వస్తువు పంపితే అటూ ఇటూ పార్సిల్ ఖర్చు అమ్మకందారుదే. చిన్న రిలేకి ఆ ఖర్చే వస్తువు ధరను మింగేస్తుంది. నా ఉద్యోగం పోలేదు. కానీ మూడు వారాలు ప్రతి వరసనీ చేత్తో సరిచూశా.

మీరేం నేర్చుకోవాలి?

ముందు ఓ హెచ్చరిక. ‘ఇంటి నుంచి క్యాటలాగ్ పని, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి’ అనే ప్రకటనలకీ నేను చెబుతున్న ఉద్యోగానికీ సంబంధం లేదు. జీతం ఇచ్చే కంపెనీ మీ దగ్గర డబ్బు అడగదు.

అసలు ఉద్యోగాలు క్యాటలాగ్ అనలిస్ట్, ఫిట్‌మెంట్ డేటా, ప్రొడక్ట్ డేటా లాంటి పేర్లతో ఉంటాయి. యూరప్ మార్కెట్‌కి టెక్‌డాక్, అమెరికా మార్కెట్‌కి ఏసెస్, పైస్ అనే డేటా ప్రమాణాలు ఏమిటో చదివి వెళ్లండి. ఎక్సెల్ ఎలాగూ రావాలి, ఎస్‌క్యూఎల్ కాస్త వస్తే మేలు. మెకానికల్, ఆటోమొబైల్, ట్రిపుల్‌ఈ వాళ్లకి ఇక్కడ నిజంగా మొగ్గు ఉంటుంది. దాన్ని రెజ్యూమెలో రాసుకోకుండా ‘హార్డ్ వర్కర్’ అని రాసుకుంటారు చాలామంది.

పని విసుగు పుట్టిస్తుంది, అదీ చెప్పాలి. పదివేల వరసల షీట్ ముందు కూర్చోలేనివాళ్లు దీని జోలికి రాకపోవడమే మంచిది.

సొంతంగా అమ్మాలనుకునేవాళ్లకి ఒక మాట. మైదాన ప్రాంతాల్లో మనకి ఈ హీటర్లతో పని లేదు. కానీ గ్లో ప్లగ్, హారన్, హెడ్‌లైట్ రిలేలకి ఇదే లెక్క. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. కాబట్టి ‘అన్ని డీజిల్ బండ్లకి సరిపోతుంది’ అని రాసేముందు ఆలోచించండి.

ఈ ఆదివారం ఆటోనగర్‌కో, సికింద్రాబాద్ రాణిగంజ్‌కో వెళ్లి 12 వోల్టులదొకటి, 24 వోల్టులదొకటి పాత రిలేలు కొనండి. మల్టీమీటర్‌తో 85, 86 మధ్య కొలవండి. 12 వోల్టులది 80 నుంచి 100 ఓమ్‌ల దగ్గర, 24 వోల్టులది దాదాపు నాలుగింతలు చూపించాలి. ఎందుకు నాలుగింతలో కాగితం మీద మీరే రాబట్టండి. ఈ మధ్య ఫ్రెషర్స్‌ని ఇంటర్వ్యూ చేసేటప్పుడు స్టిక్కర్లు పీకేసిన రెండు రిలేలు బల్ల మీద పెట్టి, ఏది ఏదో చెప్పమంటున్నా. చాలామంది బరువు చూస్తారు, కొందరు ఊపి చూస్తారు. మొన్న ఒకమ్మాయి మాత్రం ‘సర్, మీటర్ ఉందా?’ అని అడిగింది. సోమవారం చేరుతోంది.