ఈతతొట్టిలో పాచి

పిల్లలకై పెరటిలో నిలిపిన ఈతతొట్టి వేసవిలో నాలుగు దినములకే పచ్చబడును. అడుగు కనబడని నీటిలో బిడ్డ జారి మునిగినను కానరాదు; కనుక ఉపేక్ష తగదు. నీరు పారబోసి మరల నింపుదమన్నచో, కల్వకుర్తి వంటి మెట్టసీమలో, బోర్లు అడుగంటు వైశాఖమాసమున 2000 లీటర్లు పారబోయుటకు ఎవరికి మనసొప్పును? ఆ నీటినే బాగుచేసికొనవలెను.

“బ్లీచింగు పొడి వేసితిమి, మూడవనాటికి పాచి మరల వచ్చినది” అందురు. పాచి నీటిలో తేలుటయే గాక, తొట్టి గోడపై జిగురుపొర కప్పుకొని యుండును. క్లోరిను ఆ పొరలోనికి సులభముగా చొరజాలదు. గోడలను, ముఖ్యముగా ముడతలను, మెత్తని బ్రష్షుతో తోమిన పిమ్మటనే మందు వేయవలెను. అదియు పొద్దుగుంకిన తరువాతనే. ఎండ క్లోరినును కొలది గంటలలో హరించును. నూటికి 30 పాళ్ళు క్లోరినుగల తాజా పొడి 1000 లీటర్లకు 30 గ్రాములు చాలును. బకెట్టు నీటిలో కలిపి, సున్నము దిగిన పిదప పైతేట మాత్రమే పోయవలెను. మూత విప్పి నిలువయుంచిన పొడి వట్టి సున్నమే.

మైలుతుత్తము మాట కొందరెత్తుదురు. 1904లో అమెరికా వ్యవసాయశాఖవారైన మూర్, కెల్లర్మన్ దానిని జలాశయముల పాచికి వాడవచ్చునని చూపిరి. కాని కఠినజలములో రాగి చాలవరకు మడ్డియై దిగును; మిగిలినది పిల్లలు మ్రింగదగినది కాదు.

ఉదయమున అడుగునకు దిగిన చచ్చిన పాచిని గొట్టముతో లాగివేయవలెను. లేనిచో అదియే క్రొత్త పాచికి ఎరువగును. క్లోరిను లీటరుకు 3 మిల్లీగ్రాములకు తగ్గినట్లు పరీక్షపట్టీతో చూచిన పిదపనే పిల్లలను దింపవలెను. ఆ తరువాత ఆటలేని వేళ తొట్టిపై ముదురు గుడ్డ కప్పుడు.