చెఱువు నక్షాకు ఏ సాధనము తగును?

ఓరుగల్లు సీమ రైతునకు చెఱువే ప్రాణము. 2015లో మిషన్ కాకతీయ మొదలైనపుడు పూడిక తీసిన చెఱువుల శిఖము హద్దులను, తూము క్రింది ఆయకట్టును ఒక్క పటముపై చూడగలిగిన సంఘమునకు ఎంతయో మేలు. ఇందులకు కంప్యూటరుపై నడచు సాధనము లనేకములు గలవు.

అమెరికాలోని ఎస్రీ సంస్థవారి ఆర్క్‌జీఐఎస్ మిక్కిలి సమర్థమైనది. కాని లైసెన్సు రుసుము చెల్లించవలెను. 2002లో గేరీ షెర్మన్ ఆరంభించిన క్యూజీఐఎస్‌కు రుసుము లేదు. ఇంటర్నెట్టు లేనివేళ గూడ పనిచేయును. ఇస్రోవారు 2009లో ప్రారంభించిన భువన్, పాకాల కట్టను పైనుండి చూడగోరువారికి సులభము; సంఘపు లెక్కలకు అదొక్కటియే చాలదు.

మేము క్యూజీఐఎస్ పక్షము. మొదటి దినమున ఆ బొత్తాముల గుంపును చూచి బెదరనివా రరుదు. పాత గ్రామ నక్షాను స్కాను చేయించి, హద్దురాయి, మత్తడి మూల, బాటల కూడలి వంటి గుర్తులతో సరిపెట్టినచో సర్వే నంబర్లు ఉపగ్రహ చిత్రముపై కుదురుకొనును. గుర్తులు నలుదిక్కుల నుండవలెను. ఒకే మూలనున్నచో నక్షా వంకరపోవును.

ఏది వాడినను ఒక జాగ్రత్త. గుంట యనగా 121 చదరపు గజములు, అనగా ప్రక్కకు 11 గజములు. సెల్‌ఫోను చూపు స్థానము నాలుగైదు గజములు తప్పుట సామాన్యము. కావున ఆ పటముతో నీటి వంతుల లెక్క వేసికొనవచ్చును గాని గట్టు తగవు తీర్చరాదు. దానికి ప్రభుత్వ సర్వేయరు కొలతయే ప్రమాణము. పటమును ఎవరు ఏ దినమున సవరించిరో వ్రాసి యుంచి, కార్యదర్శి మారినపుడు దస్త్రములతోపాటు అప్పగింపవలెను.