నాలుగవ గుండు

ఇల్లెందుకు, కొత్తగూడేనికి నడుమ ఉన్న టేకులపల్లి వంటి అడవి అంచు గ్రామంలో తుపాకి సంగతులు కొత్తవి కావు. వెనుకటి తరం వేటను ఎరిగిన తరం. పడిన మృగాన్ని చూచి, దెబ్బ ఎటునుండి తగిలినది, గుండు లోపలనే నిలిచినదా, అవతలికి వెడలినదా అని తేల్చగల పెద్దలు అడవి పల్లెల్లో ఉండేవారు. అటువంటి ఊరి పాఠశాలలో జనవరి 30వ తేదీన మౌనం పాటించిన పిమ్మట, మహాత్మునికి తగిలిన గుండ్లు ఎన్ని అని ఒక విద్యార్థి అడిగితే ఉపాధ్యాయుడు మూడు అని చెబుతాడు. నాలుగని ఎక్కడో చదివానే అని ఆ పిల్లవాడు మరల అడిగితే ఏమి చెప్పవలెను? కసరి కూర్చోబెట్టడం సులభం. కాని ఆ ప్రశ్న దేశ సర్వోన్నత న్యాయస్థానం దాకా పోయి, అక్కడ విచారింపబడిన ప్రశ్న. దానికి మర్యాదగా సమాధానం చెప్పవలసియున్నది.

1948 జనవరి 30వ తేదీ సాయంకాలం 5 గంటలు దాటిన కొద్ది నిమిషాలకు ఢిల్లీలోని బిర్లా భవనపు తోటలో నాథూరాం గాడ్సే మహాత్మునికి అతి సమీపంగా నిలిచి కాల్చినాడు. అక్కడికక్కడనే పట్టుబడినాడు. అతని చేతిలోనిది ఇటలీ దేశపు బెరెట్టా పిస్తోలు. దానిపై చెక్కిన సంఖ్య 606824. తుగ్లక్ రోడ్డు పోలీసు ఠాణాలో నందలాల్ మెహతా అనే ప్రత్యక్షసాక్షి ఇచ్చిన ఫిర్యాదులో కాల్పులు మూడు అని ఉన్నది. పిస్తోలును, దొరికిన గుండ్లను, ఖాళీ తూటా తొడుగులను పంజాబులోని ఫిల్లౌరు ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించినారు. ప్రతి తుపాకి గొట్టానికి లోపల తనదైన గీతలుంటాయి. గుండు ఆ గొట్టంలోనుండి దూసుకొని పోయేటప్పుడు ఆ గీతల ముద్ర దానిపై పడుతుంది. తూటా అడుగున కొట్టే సూది కూడ తన గుర్తును విడిచిపెడుతుంది. అందుచేత ఫలానా గుండు ఫలానా తుపాకినుండియే వెలువడినదా అన్న ప్రశ్నకు నిపుణుడు సమాధానం చెప్పగలుగుతాడు. ఈ కేసులో చెప్పినాడు కూడ.

అయితే నాలుగవ గుండు ఎక్కడిది? హత్య జరిగిన మరునాటి పత్రికలలో కొన్ని నాలుగు కాల్పులని వ్రాసినవి. ఏడు దశాబ్దాల తరువాత ముంబయికి చెందిన పంకజ్ ఫడ్నిస్ అనే పరిశోధకుడు ఆ వార్తలను, కొన్ని ఛాయాచిత్రాలను ఆధారం చేసికొని సుప్రీంకోర్టుకు వెళ్ళినాడు. ఆయన వాదంలో ఒక లెక్క ఉన్నది. ఆ పిస్తోలులో పట్టే తూటాలు 7. పట్టుబడినప్పుడు అందులో మిగిలినవి 4. కాబట్టి గాడ్సే కాల్చినవి 3 మాత్రమే. నాలుగవ గుండు నిజమైతే అది మరొక తుపాకినుండి, మరొకరి చేతినుండి వచ్చియుండవలెను గదా అని ఆయన ప్రశ్న.

పాఠకులు ఈ లెక్కను కొంచెం నిదానించి చూడవలెను. ఏడులో నాలుగు పోగా మూడు అన్నంతవరకు అది ముద్దాయిపై పోలీసులు మోపిన నేరారోపణకే బలం చేకూర్చుతున్నది. రెండవ హంతకుడు పుట్టుకొని వచ్చేది "నిజమైతే" అన్న ఒక్క మాటలోనుండి. ఆ మాటకు ఆధారం హడావుడిలో వ్రాసిన వార్తలు. గొప్ప దుర్ఘటన జరిగిన సాయంకాలం విలేఖరి ఒకరిని అడుగుతాడు, ఆ ఒకరు మరొకరిని విన్నవారు. తుపాకి మ్రోతలను చెవితో లెక్కించడం ఎంత కష్టమో వేటకు వెళ్ళినవారికి చెప్పనక్కరలేదు. ఇక గాయాల లెక్క. మహాత్ముని దేహంలో ప్రవేశించిన గుండ్లు మూడు, వానిలో రెండు వీపువైపునుండి వెలుపలికి వెడలినవి. గాయాలన్నీ కలిపితే అయిదు! గాయానికొక గుండు చొప్పున లెక్కిస్తే సంఖ్య ఎక్కడికో పోతుంది.

సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తోసిపుచ్చక ముందు అమరేందర్ శరణ్ అనే సీనియర్ న్యాయవాదిని తనకు సహాయకుడుగా నియమించి రికార్డులన్నీ పరిశీలింపజేసినది. గుండ్లు, పిస్తోలు, కాల్చిన మనిషి, కుట్ర, అన్నీ సక్రమంగా గుర్తింపబడినవేననీ, పునర్విచారణకు తగిన ఆధారం కానరాదనీ ఆయన నివేదించినారు. 2018 మార్చి 28వ తేదీన న్యాయమూర్తులు ఎస్.ఎ. బోబ్డే, ఎల్. నాగేశ్వరరావుగారలు పిటిషనును కొట్టివేసినారు. వీరిలో రెండవవారు మన తెలుగువారే.

మహాత్ముని దేహానికి శవపరీక్ష జరగలేదు, వైద్యుడు గాయాలను పైనుండి పరీక్షించినాడు, అంతే. శవపరీక్ష జరిగియుంటే ఈ సందేహమే పుట్టేది కాదని కొందరంటారు. అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్యను చూస్తే ఆ మాటపై నమ్మకం సడలుతుంది. 1963 నవంబరు 22న డల్లాస్ నగరంలో ఆయన హతుడైనప్పుడు శవపరీక్ష జరిగినది. దానిపైననే ఎన్నో వివాదాలు చెలరేగినవి. పుస్తకాల గిడ్డంగి ఆరవ అంతస్తులో దొరికిన రైఫిలును చూచిన ఇద్దరు పోలీసు ఉద్యోగులు అది జర్మనీ మౌజరు అన్నారు. తీరా పరీక్షించగా ఇటలీ దేశపు మాన్లిఖర్-కార్కానో అని తేలినది. ఆ తొలి పొరపాటును పట్టుకొని, తుపాకి మార్చివేయబడినదని వాదించే గ్రంథాలు ఎన్నో వెలువడినవి. 1964లో వారెన్ సంఘం మూడు కాల్పులని చెప్పినది. 1979లో అమెరికా ప్రతినిధుల సభ నియమించిన సంఘం ఒక ధ్వని ముద్రణను ఆధారం చేసికొని నాలుగవ కాల్పు ఉండి ఉంటుందన్నది. 1982లో శాస్త్రజ్ఞుల సంఘం ఆ ధ్వని సాక్ష్యం నిలువదని తేల్చినది. రెండు హత్యలలోను ఆయుధం ఇటలీదే, రెండింట మూడా నాలుగా అన్న తగవే! ఇది కాకతాళీయమే గాని విచిత్రం.

గాంధీ హత్యకేసులో ఆయుధ సాక్ష్యానికి గల అసలు లోపం గుండ్ల సంఖ్యలో లేదు. అది ఆ పిస్తోలు నడచి వచ్చిన దారిలో ఉన్నది. దానిని గూర్చి వాదించేవారు అరుదు.

జనవరి 30కి పది రోజుల ముందే ఒక ప్రయత్నం జరిగి విఫలమైనది. అప్పటి ఆయుధాలు వేరు. పూనాలో ఆయుధాల దుకాణం నడిపిన దిగంబర్ బడ్గే తరువాత అప్రూవరుగా మారి ఆ కథ చెప్పినాడు. జనవరి 20వ తేదీ ఉదయం హిందూ మహాసభ భవనం వెనుక చెట్లలో రెండు రివాల్వర్లను పరీక్షించినారట. ఒకదాని గుండ్ల చక్రం సరిగా పనిచేయలేదు. రెండవదాని గుండు గురి పెట్టిన చెట్టుదాకా పోలేదు. ఆ సాయంకాలం మదన్‌లాల్ పాహ్వా పేల్చిన మందు ఒక్కటే ప్రేలినది. అతడు పట్టుబడినాడు, తక్కినవారు పారిపోయినారు.

ఆ గుంపులో బడ్గే పనివాడు ఒకడున్నాడు. పేరు శంకర్ కిష్టయ్య. కిష్టయ్య అన్న పేరే చెబుతున్నది, మనవాడు. ఎర్రకోటలో విచారణ జరిగినప్పుడు హిందుస్తానీ, మరాఠీలతో పాటు తెలుగులోకి కూడ అనువదించవలసి వచ్చినది ఇతని కొరకే. మిగిలిన చేతిబాంబులను వదిలించుకొమ్మని యజమాని చెప్పగా మహాసభ భవనం వెనుక అడవిలో పూడ్చిపెట్టినవాడు ఇతడు. పట్టుబడిన తరువాత పోలీసులను తీసికొనిపోయి ఆ చోటు చూపించి త్రవ్వించినవాడు కూడ ఇతడే. ఆయుధ సాక్ష్యంలో ఇంతకన్న స్పష్టమైనది అరుదు. పూడ్చిన చేయి తానే తెచ్చి చూపినది. కాని ఆయుధం మోసినంత మాత్రాన ఆ ఆయుధం దేనికో ఎరిగినట్లేనా? 1949 ఫిబ్రవరి 10న న్యాయమూర్తి ఆత్మచరణ్ అతనికి యావజ్జీవ శిక్ష విధిస్తూనే, దానిని తగ్గించవలసినదని సిఫారసు చేసినాడు. ఆ తీర్పు వ్రాసిన కలం కూడ కొంత తడబడినట్లే తోస్తుంది.

పాత రివాల్వర్లపై నమ్మకం పోయిన గాడ్సే, ఆప్టేలు జనవరి 27న విమానంలో ఢిల్లీ చేరి, అక్కడినుండి గ్వాలియరు వెళ్ళినారు. అక్కడ డాక్టర్ దత్తాత్రేయ పర్చురే సాయంతో ఈ బెరెట్టా సంపాదించినారని పోలీసుల వాదం. ఆ పిస్తోలు చేతులు మారిన వైనంలో పేర్లు వినవచ్చిన గంగాధర్ దండవతే, గంగాధర్ జాధవ్, సూర్యదేవ్ శర్మ అనే మువ్వురు పరారీలో ఉన్నట్లు విచారణలో చూపబడినారు. గాడ్సే మాట వేరు. పిస్తోలును ఢిల్లీలోని కాందిశీకుల శిబిరంలో కొన్నానన్నాడు. తాను ఒంటరిగా చేసినానని, కుట్ర లేదని చెప్పదలచినవానికి ఆ మాట అనుకూలం. కనుక దానిని నమ్మవలసిన పని లేదు. గ్వాలియరు కథకు ప్రధానాధారం పర్చురే నేరాంగీకార వాఙ్మూలం. దానిని అతడు తరువాత కాదన్నాడు.

అప్పీళ్ళు 1949లో సిమ్లాలో పంజాబు హైకోర్టు ముందుకు వచ్చినవి. భండారీ, అచ్చురాం, ఖోస్లా అనే మువ్వురు న్యాయమూర్తులు విన్నారు. గాడ్సే చేతిలోని పిస్తోలును గూర్చి గాని, మూడు కాల్పులను గూర్చి గాని వారికి సందేహం కలుగలేదు. గాడ్సే, ఆప్టేల ఉరిశిక్షలు స్థిరపడి, ఆ ఏడాది నవంబరు 15న అంబాలా జైలులో అమలు జరిగినవి. పర్చురే వాఙ్మూలం స్వచ్ఛందమైనదిగా వారికి తోచలేదు. అది తొలగిపోగానే గ్వాలియరు లంకె వీడిపోయినది, పర్చురే విడుదలైనాడు. ఇటలీలో తయారైన ఆ పిస్తోలు గ్వాలియరు చేరిన వైనాన్ని గూర్చి అబిసీనియా యుద్ధంనాటినుండి మొదలుపెట్టి చెప్పే కథలున్నవి గాని, వాటిలో న్యాయస్థానంలో రుజువైనది లేదు. మహాత్మునికి తగిలిన గుండ్లలో ఒకటి ఢిల్లీలో రాజ్‌ఘాట్ ఎదుట ఉన్న గాంధీ సంగ్రహాలయంలో చూడవచ్చును.

బాంబులు పాతిన చోటు చూపిన శంకర్ కిష్టయ్యను కూడ హైకోర్టు అదే తీర్పులో విడిచిపెట్టినది. యజమాని ఆజ్ఞను పాటించిన పనివాడు కుట్ర ఉద్దేశం ఎరిగి అందులో చేరినట్లు రుజువు కాలేదని వారు భావించినారు. అప్పటికి అతని యజమాని బడ్గే అప్రూవరుగా క్షమాభిక్ష పొందియున్నాడు.